దారునాదం: జైలోఫోన్ పరిచయం

ఆంగ్ల అక్షరమాల పటాన్ని చిత్రించేవారికి 'ఎక్స్' అనే అక్షరం దగ్గర ఎప్పుడూ ఒక చిక్కు ఎదురవుతుంది. ఆ అక్షరంతో మొదలై, పసిపిల్లలకు బొమ్మ గీసి చూపించగల మాటలు చాలా తక్కువ. అందువల్ల తరతరాలుగా ఆ గడిలో ఒకే బొమ్మ కనిపిస్తూ వస్తున్నది. ఒక చట్రం మీద పెద్దది మొదలుకొని చిన్నదాని వరకు వరుసగా అమర్చిన రంగురంగుల రేకు పలకలు, పక్కన గుండ్రని తలలున్న రెండు పుల్లలు, కింద 'జైలోఫోన్' అనే పేరు. చదువు మొదలైన తొలి ఏడాదిలోనే పరిచయమై, తరువాత జీవితంలో ఎన్నడూ తారసపడని వస్తువులలో దీనిదే అగ్రస్థానం కావచ్చు. పిల్లవాడు పేరు నేర్చుకుంటాడు. ఆ వాద్యాన్ని వినడు.

నిజానికి పటంలోని ఆ బొమ్మకు ఆ పేరు చెల్లదు. గ్రీకు భాషలో 'జైలాన్' అంటే కొయ్య, 'ఫోనె' అంటే ధ్వని లేదా కంఠస్వరం. ఈ రెండు మాటల కలయికతో పంతొమ్మిదవ శతాబ్దంలో 'జైలోఫోన్' అనే పేరు ఏర్పడింది. కొయ్య పలికే గొంతు అని దాని భావం. రేకు పలకలున్న వాద్యం 'మెటలోఫోన్' అవుతుంది. ఉక్కు పలకలతో గంటల మోతను తలపించే చిన్న వాద్యానికి జర్మన్ భాషలో 'గ్లోకెన్‌స్పీల్' అని పేరు. బొమ్మల దుకాణాలలో జైలోఫోన్ పేరుతో అమ్ముడయ్యేవాటిలో చాలా భాగం ఈ కోవలోనివే. మన దేశంలో కొయ్య పలకల వాద్యాన్ని 'కాష్ఠతరంగం' అంటారు. పింగాణీ గిన్నెలలో నీరు పోసి పలికించే జలతరంగానికి ఇది తోబుట్టువు వంటి పేరు. కాష్ఠమనగా కట్టె. వాద్యబృందాలలోను, సినిమా సంగీతంలోను దీనిని వాడుతూ వచ్చారు.

ఈ వాద్యం ఏ జాతికి చెందినదో తెలుసుకోవడానికి భరతముని నాట్యశాస్త్రం తోడ్పడుతుంది. అందులో వాద్యాలు నాలుగు విధాలు. తీగలతో పలికేవి తతములు. చర్మంతో మూసినవి అవనద్ధములు. గాలి ఊదితే పలికేవి సుషిరములు. గట్టి పదార్థంతో చేసినవి ఘనములు. వీణ, మృదంగం, వేణువు, తాళాలు వీటికి వరుసగా ఉదాహరణలు. ఘనవాద్యానికి తీగ అక్కరలేదు, తోలు అక్కరలేదు, ఊపిరి అక్కరలేదు. దాని శరీరమే దాని స్వరం. హరికథకుని చేతిలోని చిడతలు, నాట్యకత్తె కాలి గజ్జెలు, కచేరీలోని ఘటం ఈ తరగతిలోనివే. జైలోఫోన్ కూడా ఇక్కడికే చేరుతుంది.

ఈ విభజన గ్రంథాలకే పరిమితమై మిగిలిపోలేదు. కలకత్తాకు చెందిన సంగీత పండితుడు శౌరీంద్రమోహన్ ఠాగూర్ 1876లో బెల్జియం రాజు రెండవ లియోపోల్డ్‌కు సుమారు నూరు భారతీయ వాద్యాలను కానుకగా పంపారు. మరుసటి ఏడాది బ్రస్సెల్స్‌లో నెలకొల్పిన వాద్యాల ప్రదర్శనశాలకు ఆ కానుక ఒక పునాది అయింది. ఆ శాలకు తొలి సంరక్షకుడైన విక్టర్ మహియాన్ 1880లో వాద్యాల పట్టిక ప్రకటిస్తూ నాలుగు తరగతుల పద్ధతిని స్వీకరించాడు. దానిని ఆధారం చేసుకొని హోర్న్‌బోస్టెల్, సాక్స్ అనే ఇద్దరు పండితులు 1914లో రూపొందించిన వర్గీకరణనే నేటికీ ప్రపంచమంతటా అనుసరిస్తున్నారు. అక్షరమాల పటంలోని ఆటబొమ్మకు శాస్త్రంలో చోటు చూపించిన వరుసకు మూలం భారతీయమని తెలుగు విద్యార్థి ఒకసారి తలచుకోవడం తప్పు కాదు.

ఇక అసలు ప్రశ్న. ఎండిన కట్టెముక్కను కొడితే 'టక్' మని చప్పుడు మాత్రమే రావాలి. అది స్వరంగా ఎలా మారుతుంది?

దీని రహస్యం పలకలో కన్న పలకను నిలిపిన తీరులో ఎక్కువగా ఉన్నది. రెండు కొసలూ స్వేచ్ఛగా ఉన్న పలకను నడిమి భాగంలో కొట్టినప్పుడు నడుము కిందికి వంగుతుంది, కొసలు పైకి లేస్తాయి. మరుక్షణం నడుము పైకి, కొసలు కిందికి. ఈ ఊగిసలాట సెకనుకు కొన్ని వందల సార్లు జరుగుతుంది. అయితే పైకి కదిలే భాగానికి, కిందికి కదిలే భాగానికి మధ్య ఏ కదలికా లేని చోటు ఒకటి ఉండి తీరాలి. అటువంటి చోట్లు పలకకు రెండు. భౌతికశాస్త్రంలో స్థిర తరంగాల పాఠం చదివినవారికి అస్పందన బిందువులు అనే మాట తెలిసే ఉంటుంది. సమమైన మందం గల పలకలో అవి ఒక్కొక్క కొస నుంచి పొడవులో 22.4 శాతం దూరాన, అంటే ఇంచుమించు తొమ్మిదింట రెండు వంతుల దగ్గర ఉంటాయి. 30 సెంటీమీటర్ల పలకకు కొస నుంచి 6.7 సెంటీమీటర్లు. పలకను ఆ రెండు చోట్ల మాత్రమే ఆనించి నిలిపితే మిగిలిన దేహమంతా స్వేచ్ఛగా కంపిస్తుంది, స్వరం పలుకుతుంది. ఆనిక రెండంగుళాలు అటూ ఇటూ జరిగితే పలక గొంతు నొక్కుకుపోయి మళ్ళీ కట్టెముక్క అవుతుంది.

దీనిని పరీక్షించడానికి ప్రయోగశాల అవసరం లేదు. బాగా ఎండిన, ముళ్ళు లేని సన్నని కొయ్య పలకను మెత్తగా మడిచిన తువ్వాలు మీద ఉంచి, పైన పొడి ఉప్పు పలచగా చల్లి, నడుమ వేలి కణుపుతో మృదువుగా పదేపదే తట్టాలి. ఉప్పు రేణువులు కంపించే చోట నిలవలేక ఎగిరి, క్రమంగా రెండు అడ్డగీతలుగా పేరుకుంటాయి. ఆ గీతలే పలక చెప్పిన జవాబు. వాద్యాలు చేసేవారు తాడు పోయడానికి రంధ్రాలు పెట్టేముందు ఇప్పటికీ ఈ ఉపాయాన్ని వాడుతుంటారు.

స్వరం పెరగడం, తగ్గడం విషయంలో తీగకూ పలకకూ పోలిక లేదు. వీణ తీగను సరిగ్గా సగం దగ్గర నొక్కితే తారస్థాయి షడ్జం వినిపిస్తుంది. పలకను సగానికి కోస్తే ఒక స్థాయి కాదు, రెండు స్థాయిలు పైకి పోతుంది. ఎందుకంటే పలక పౌనఃపున్యం పొడవు వర్గానికి విలోమానుపాతంలో ఉంటుంది. అందువల్ల 30 సెంటీమీటర్ల పలక మంద్ర షడ్జం పలికితే, అదే మందంలో దాని పై షడ్జానికి కావలసిన పొడవు 15 కాదు, 21.2 సెంటీమీటర్లు. జైలోఫోన్ పలకల వరుస అంత నెమ్మదిగా చిన్నదవుతూ పోవడానికి కారణం ఇదే.

శ్రుతి చేయడంలో మరొక వింత ఉన్నది. పలక కొసలను అరగదీస్తే స్వరం పెరుగుతుంది. అడుగువైపు నడుమ భాగాన్ని చెక్కితే స్వరం తగ్గుతుంది. కొయ్య తగ్గినప్పుడు స్వరం పెరగాలి కదా అని ఎవరికైనా తోస్తుంది. కాని నడుమ చెక్కినప్పుడు పలక బరువు కన్న బిగువు ఎక్కువగా తగ్గిపోతుంది. కచేరీ జైలోఫోన్ పలకను తిరగేసి చూస్తే అడుగున వంతెన కమాను వంటి వంపు కనబడుతుంది. ఆ వంపుకు మరొక ప్రయోజనం కూడా ఉన్నది. చెక్కని పలకలో ప్రధాన స్వరంతో పాటు దానికి సుమారు 2.76 రెట్లున్న అతిస్వరం ఒకటి పుడుతుంది. అది ఏ స్వరస్థానానికీ సరిగా ఒదగదు. శిల్పి కమానును నేర్పుగా చెక్కి దానిని సరిగ్గా మూడు రెట్లకు తెస్తాడు. అప్పుడది తారస్థాయి పంచమమై ప్రధాన స్వరానికి తోడు నిలుస్తుంది. జైలోఫోన్ ధ్వనిలోని పదును అక్కడి నుంచి వచ్చినదే. ఇదే జాతికి చెందిన 'మరింబా'లో ఆ అతిస్వరాన్ని నాలుగు రెట్లకు, అంటే రెండు స్థాయిల పై షడ్జానికి కుదురుస్తారు. అందుకే మరింబా ధ్వని మరింత గుండ్రంగా, లోతుగా వినిపిస్తుంది. రెండు వాద్యాలకు పైచూపులో తేడా తక్కువ. తేడా అంతా పలక అడుగున ఉలి చేసిన పనిలో ఉన్నది.

పలక ఒక్కటే పలికితే ఆ ధ్వని గదిలో నాలుగు మూలలకు చేరదు. అందుకని ప్రతి పలక కింద ఒక గొట్టాన్ని వేలాడదీస్తారు. గొట్టంలోని గాలి కూడా అదే పౌనఃపున్యంతో కంపించి ధ్వనిని పెంచుతుంది. దీనినే అనునాదం అంటారు. అడుగు మూసిన గొట్టం పొడవు తరంగదైర్ఘ్యంలో నాలుగవ వంతు ఉండాలి. 440 హెర్ట్జ్ స్వరానికి అది ఇంచుమించు 19 సెంటీమీటర్లు. గొట్టాలకు ముందు ఈ పని చేసినవి సొరబుర్రలు. తెలుగువారి వీణ మెడకు కట్టిన బుర్రను చూసినవారికి ఇది కొత్త సంగతి కాదు.

సొరబుర్రల జైలోఫోన్‌కు పుట్టినిల్లు వంటిది పశ్చిమాఫ్రికా. అక్కడ దాని పేరు 'బాలాఫోన్'. మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా 1352లో మాలీ రాజ్యాన్ని దర్శించాడు. పండుగ దినాలలో రాజసభకు దూగా అనే ద్విభాషి వచ్చి, అడుగున చిన్న బుర్రలు కట్టిన వాద్యాన్ని పుల్లలతో వాయిస్తూ రాజును, అతని విజయాలను కీర్తించడాన్ని ఆయన తన యాత్రాకథనంలో వర్ణించాడు. తెలుగు రాజుల కొలువులలోని వందిమాగధుల వంటివారు ఈ గాయకులు. వంశచరిత్రలు వారి కంఠాలలోనే భద్రమై ఉండేవి. వారిని 'గ్రియో'లు అంటారు.

ఆ గాయకులు చెప్పుకొనే కథలలో ఒక బాలాఫోన్‌కు రాజులతో సమానమైన స్థానం ఉన్నది. సోసో రాజ్యాన్ని ఏలిన సుమావొరో కాంతే మహాపరాక్రమవంతుడు. అతని రహస్య మందిరంలో ఒక బాలాఫోన్ ఉండేది. దానిని రాజు తప్ప మరొకరు తాకరాదు. శత్రురాజైన సుంజాతా కొలువుకు చెందిన గ్రియో బాలా ఫసేకే అతని చేతికి చిక్కాడు. రాజు లేని సమయంలో ఆ గాయకుడు మందిరంలో ప్రవేశించి, ఉండబట్టలేక పుల్లలు చేతిలోకి తీసుకున్నాడు. తన వాద్యాన్ని ఎవరో ముట్టారని దూరం నుంచే గ్రహించిన రాజు కత్తితో పరుగున వచ్చాడు. ప్రాణం పోయే ఆ క్షణంలో గాయకుడు చేతులు ఆపలేదు. వాయిస్తున్న స్వరాన్నే రాజు స్తుతిగా మలచి ఆశువుగా పాడాడు. రాజు కోపం చల్లారింది. అతనిని తన గాయకునిగా నియమించుకున్నాడు. తరువాత 1235 ప్రాంతంలో కిరినా యుద్ధంలో సుమావొరో ఓడిపోగా, ఆ వాద్యం విజేతలకు దక్కి, బాలా ఫసేకే వంశీయులైన కుయాతేల సంరక్షణలోకి వచ్చింది. ఇది మౌఖిక సంప్రదాయం చెప్పే కథ. ఇందులో చరిత్ర ఎంత, కల్పన ఎంత అన్న విచారణ వేరు. కాని ఆ వాద్యం మాత్రం కల్పన కాదు. 'సోసో బాలా' పేరుతో పూజ్యభావంతో కాపాడుకుంటున్న బాలాఫోన్ నేటికీ గినీ దేశంలోని నియగసోలా గ్రామంలో ఉన్నది. ఇరవై పలకల ఆ వాద్యాన్ని ప్రత్యేక సందర్భాలలో మాత్రమే వెలికితీస్తారు. యునెస్కో 2001లో దాని సాంస్కృతిక పరిసరాన్ని మానవజాతి మౌఖిక వారసత్వంలో ఒకటిగా ప్రకటించింది.

బాలాఫోన్ బుర్రలకు చిన్న రంధ్రాలు చేసి, వాటిపై సాలీడు గుడ్లకు కట్టుకొనే పొరను అంటించడం ఒక ఆచారం. పలకను కొట్టినప్పుడు ఆ పొర అదిరి స్వరానికి సన్నని ఝుంకారాన్ని జోడిస్తుంది. ఐరోపావారికి మొదట ఇది లోపంలా తోచింది. తంబురా తీగల కింద నూలుపోగు సర్ది 'జీవ' పుట్టించే దేశంలోని శ్రోతకు అలా తోచదు.

ఖండం తూర్పువైపున, విక్టోరియా సరస్సు తీరంలోని బుగాండా రాజ్యంలో జైలోఫోన్ రూపం మరింత సరళం. రెండు అరటిబోదెలను సమాంతరంగా పరచి, వాటి మీద దుంగ పలకలను వరుసగా పేరుస్తారు. పలకలు జారిపోకుండా నడుమ పుల్లలు గుచ్చుతారు. అంతే, చట్రం లేదు, బుర్రలు లేవు. అయితే అరటిబోదెలు ఆనే చోటు మాత్రం ఉప్పు చూపించిన చోటే. పన్నెండు పలకల 'అమదిండా'ను ముగ్గురు వాయిస్తారు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు. మొదటివాని రెండు దెబ్బల మధ్య సందులో రెండవవాని దెబ్బ పడాలి. ఎవరి చేయి చూసినా వేగం సామాన్యమే. కలిసినప్పుడు మాత్రం వడగళ్ళ వాన. ఆ కలయికలో శ్రోతకు వినిపించే రాగరేఖ ఇద్దరిలో ఏ ఒక్కరూ వాయించినది కాదు. ఒకరు తప్పుకుంటే రెండవవాని చేతిలో మిగిలేది పాట కాదు, సగం మాటల వాక్యం.

ఇటువంటి వాద్యానికి కలిగే ముప్పు కూడా వేరుగా ఉంటుంది. రాజప్రాసాదంలో ఇరవై రెండు పలకల 'అకదిండా' ఉండేది. దానికి ఆరుగురు వాద్యకారులు కావాలి. 1966 మే నెలలో ఉగాండా ప్రభుత్వ సైన్యం ప్రాసాదంపై దాడి చేసింది. రాజు రెండవ ముటేసా తప్పించుకొని లండన్ చేరి 1969లో అక్కడే మరణించాడు. 1967 నాటికి రాజరికాలే రద్దయ్యాయి. వాద్యాలు ధ్వంసమయ్యాయి, వాద్యకారులు చెల్లాచెదురయ్యారు. కట్టెను మళ్ళీ కోయవచ్చు. ఆరుగురి చేతులు ఒకచోట చేరకపోతే ఆ సంగీతం ఏ ఒక్కరి జ్ఞాపకంలోనూ పూర్తిగా నిలవదు. అదృష్టవశాత్తు ఆస్థాన వాద్యకారుడు ఎవరిస్టో ముయిందా అంతకుముందే ప్రాసాదం వెలుపలివారికి ఈ విద్య చెప్పడం ప్రారంభించాడు. ఆయన దగ్గర నేర్చిన ఆస్ట్రియా పండితుడు గెర్హార్డ్ కుబిక్ ఆ రచనలకు లిపి కల్పించి ప్రకటించాడు. 1993లో బుగాండా రాజపీఠం పునరుద్ధరణ పొందింది. అమదిండా ఇప్పుడు ఉగాండా పాఠశాలల్లో వినిపిస్తున్నది.

ఆఫ్రికా నుంచి బానిసలుగా ఓడలకెక్కించిన మనుషులు వాద్యాలను వెంట తీసుకుపోలేకపోయినా, వాటిని చేసే నేర్పును మధ్య అమెరికాకు తీసుకుపోయారు. గ్వాటెమాలా జాతీయ వాద్యమైన మరింబా ఆ నేర్పుకు సంతానమే. ఆగ్నేయాసియాలో జావాకు గంబాంగ్, బర్మాకు పట్టాల, థాయిలాండ్‌కు రానాత్ ఉన్నాయి. వాటి చరిత్ర వేరే పాఠానికి తగినంత ఉన్నది.

ఐరోపాలో జైలోఫోన్ చాలాకాలం వీధి వాద్యంగానే మిగిలింది. 1511లో ఆర్నోల్ట్ ష్లిక్ అనే జర్మన్ ఆర్గాన్ విద్వాంసుడు తన గ్రంథంలో దీనిని పేర్కొన్నాడు. 1538లో వెలువడిన హోల్బైన్ చిత్రాలలో మృత్యువు అస్థిపంజర రూపంలో ఒక వృద్ధురాలి ముందు ఈ వాద్యాన్ని వాయిస్తూ నడుస్తుంది. గడ్డి చుట్టలపై పలకలు పరచి వాయించేవారు గనుక జర్మన్లు దీనిని 'గడ్డి ఫిడేలు' అని పిలిచారు. అరటిబోదెకు బదులు గడ్డిచుట్ట. చోటు మాత్రం మళ్ళీ అదే.

ఈ గడ్డి ఫిడేలును సంగీత సభలకు ఎక్కించినవాడు గుసికోవ్. నేటి బెలారస్‌లోని ష్క్లోవ్ పట్టణంలో 1806లో ఒక పేద యూదు వాద్యకారుల కుటుంబంలో జన్మించాడు. మొదట అతడు వేణువు వాయించేవాడు. యౌవనంలోనే ఊపిరితిత్తుల వ్యాధి సోకింది. ఊపిరే ఆధారమైన విద్యను వదులుకోక తప్పలేదు. ఊపిరి అక్కరలేని వాద్యం కోసం వెదికి, వీధిలోని గడ్డి ఫిడేలును చేతికి తీసుకున్నాడు. పలకల సంఖ్య పెంచి, అన్ని స్వరస్థానాలూ పలికేటట్లు వాటి అమరికను మార్చుకున్నాడు. కీవ్, ఒడెస్సా, వియన్నా, లైప్‌జిగ్, పారిస్ నగరాలు అతనికి పట్టం కట్టాయి. 1836లో లైప్‌జిగ్‌లో విన్న మెండెల్సన్, పియానోలపై ఎందరో ఇవ్వలేని ఆనందాన్ని ఇతడు కొన్ని కొయ్యముక్కలతో ఇచ్చాడని ఇంటికి రాసిన ఉత్తరంలో మెచ్చుకున్నాడు. కాని వ్యాధి అతనిని విడువలేదు. 1837లో ఆహెన్ నగరంలో కన్నుమూశాడు. వయస్సు 31 సంవత్సరాలు. అతని వాద్యం వేదికపై మొదట కనబడినప్పుడు శ్రోతలకు గడ్డి, కట్టెలు మాత్రమే కనిపించేవి. ఆ తరువాత ఏమి వినిపించిందో మెండెల్సన్ ఉత్తరం సాక్ష్యం.

తరువాతి కాలంలో ఫ్రెంచి స్వరకర్త సాన్‌సాన్స్ 1874 నాటి 'దాన్స్ మకాబ్ర్' అనే రచనలో శ్మశానంలో ఎముకలు కొట్టుకొనే చప్పుడుకు జైలోఫోన్‌ను వాడాడు. 1886లో 'జంతువుల ఉత్సవం'లోని శిలాజాల ఘట్టంలో తన పాత రచననే పరిహాసంగా మళ్ళీ పలికించాడు. ఈ రెండింటి వల్ల వాద్యానికి వృందసంగీతంలో చోటు దొరికింది గాని, ఎముకల చప్పుడు అనే ముద్ర కూడా వెంటపడింది.

కొయ్య విషయం కూడా ఇక్కడ చెప్పవలసి ఉన్నది. బరువైన, గట్టి కొయ్య అయితేనే నాదం నిలుస్తుంది. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి ఉలికి ఎంత లొంగినా దీనికి పనికిరాదు. కచేరీ జైలోఫోన్‌లకు హోండురాస్ రోజ్‌వుడ్ ప్రసిద్ధం. అది ఆంధ్ర, తెలంగాణ అడవులలోని జిట్రేగికి దాయాది. బాలాఫోన్ పలకలకు వాడే పశ్చిమాఫ్రికా వృక్షం టెరోకార్పస్ అనే ప్రజాతికి చెందినది. శేషాచలం కొండల ఎర్రచందనం కూడా ఆ ప్రజాతిదే. ఈ బంధుత్వం కష్టాలలోనూ కొనసాగుతున్నది. అక్రమంగా నరికి తరలించడం వల్ల ఎర్రచందనాన్ని 1995లోను, ఆ ఆఫ్రికా వృక్షాన్ని 2017లోను వన్యజాతుల వాణిజ్యాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం రెండవ అనుబంధంలో చేర్చారు. విలాసవంతమైన సామగ్రి కోసం నరికే కలపతో పోలిస్తే వాద్యాలకు పట్టేది చాలా స్వల్పం. అయినా కొయ్య కొరత వాద్యశిల్పినీ తాకుతున్నది. పాఠశాలల కోసం ఫైబర్‌గ్లాస్ పలకలు వచ్చాయి. అవి వానకూ ఎండకూ బిగుసుకోవు, పగలవు. ధ్వనిలో కొయ్యకు సాటి రావని చెవి ఉన్నవారు ఒప్పుకుంటారు.

పాఠశాలకు ఈ వాద్యాన్ని తెచ్చిన ఖ్యాతి జర్మన్ స్వరకర్త కార్ల్ ఓర్ఫ్‌ది. 1924లో మ్యూనిక్‌లో డొరోథీ గుంథర్‌తో కలిసి నెలకొల్పిన విద్యాలయంలో ఆయన సంగీతాన్ని, నృత్యాన్ని కలిపి బోధించాడు. కార్ల్ మేండ్లర్ అనే వాద్యశిల్పి ఆయన కోరికపై చిన్న జైలోఫోన్‌లను తయారుచేశాడు. గునిల్డ్ కేట్‌మాన్ వాటికి పాఠాలు రచించింది. ఆ వాద్యాలలో పలకలను సులభంగా తీసి పెట్టవచ్చు. మొదటి పాఠాలలో ఓర్ఫ్ పద్ధతి మధ్యమ, నిషాదాల పలకలను తీసి పక్కన పెట్టిస్తుంది. అప్పుడు మిగిలే ఐదు స్వరాలలో పక్కపక్కన కసిగా ఒరుసుకొనే జంట లేదు. పిల్లవాడు ఏ పలక తర్వాత ఏ పలకను కొట్టినా చెవికి కటువుగా ఉండదు. తప్పు చేస్తానేమో అన్న భయం పోతుంది. మ్యూనిక్ పిల్లలకు అది ఐదు స్వరాల మెట్లు. తెలుగునాట సంగీతం నేర్చేవారికి అది మోహన రాగం. స, రి, గ, ప, ద. పూర్తి ఎనిమిది పలకలను ఉంచితే శంకరాభరణం.

జైలోఫోన్‌ను వాయించేటప్పుడు చట్రం ఎత్తు నడుము దగ్గరకు రావాలి. పుల్లను దాని పొడవులో మూడవ వంతు దగ్గర బొటనవేలు, చూపుడువేళ్ళ మధ్య పట్టుకొని, మిగిలిన వేళ్ళను వదులుగా ముడవాలి. అరచేతులు నేలవైపు ఉండాలి. దెబ్బ మోచేతి నుంచి కాక మణికట్టు నుంచి రావాలి. పలక నడుమ కొట్టాలి. తాడు పోయిన చోట కొడితే అది కదలని చోటు గనుక స్వరం లేవదు. కాలిన పెనం మీద వేలు ఆనించి తీసినట్లు పుల్ల వెంటనే పైకి లేవాలి. ఆనించి ఉంచితే కంపనాన్ని వాయించినవాడే చంపినట్లవుతుంది. పలక నాదం కొద్ది క్షణాలలోనే అడుగంటుతుంది గనుక దీర్ఘస్వరం కావాలంటే రెండు పుల్లలతో ఒకే పలకను వేగంగా, సమంగా కొడుతూ పోవాలి.

కర్ణాటక సంగీతంలో బాలపాఠాలు మాయామాళవగౌళ రాగంలో మొదలవుతాయి. ఎనిమిది పలకల పిల్లల వాద్యంలో అది పలకదు, ఎందుకంటే దానికి కావలసిన శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం అందులో ఉండవు. అందుకు పియానోలో వలె వెనుక రెండవ వరుస ఉన్న పెద్ద జైలోఫోన్ కావాలి. అందులోనైనా ఒక స్వరం నుంచి మరొక స్వరానికి జారే గమకం రాదు. ప్రతి పలకా తన స్వరానికి కట్టుబడి ఉంటుంది. ఇది ఈ వాద్యానికి నిజమైన హద్దు, దానిని దాచనక్కరలేదు. జంటవరుసలు మాత్రం దీనికోసమే పుట్టాయా అన్నంతగా అమరుతాయి. స స, రి రి, గ గ అని ప్రతి స్వరాన్నీ కుడిచేతితో ఒకసారి, ఎడమచేతితో ఒకసారి కొట్టాలి. రెండు దెబ్బలూ ఒకే బరువుతో వినిపించేవరకు మొదటి కాలంలోనే సాధన చేయాలి. వింటున్నవారు కళ్ళు మూసుకొని ఏది కుడి, ఏది ఎడమ అని చెప్పలేకపోయినప్పుడు రెండవ కాలానికి వెళ్ళవచ్చు.